సాయంత్రం వెళ్ళిన మెయిల్

"హాల్లో కూర్చుని ఏం చేశావు?" అని ఆమె అడగడం ఇది మూడోసారి.

ఆమె క్లయింటు తమ్ముడు మూడోసారీ అదే చెప్పాడు. "చెప్పాను కదండీ. ఫోన్లో ఆట చూశాను. అక్క వచ్చేదాకా."

ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడుగుతుందని స్టేషన్‌లో ఆమెకు నస అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. తరవాత అమ్మ తగిలించి, గారు తగిలించి, నసమ్మ గారూ అని ముఖం మీదే పిలవడం మొదలుపెట్టారు. ఆమె పలికేది. డిటెక్టివ్ బోర్డు కట్టిన కొత్తలో ఇంతకంటే చెడ్డ పేర్లకు పలికింది.

స్టేషన్ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో తమ్ముడు ఉన్నాడు. రెండో కుర్చీ ఖాళీ. నస కూర్చోలేదు. కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా నడుస్తోంది. మూడు గంటలకు వీణ్ణి కోర్టుకు తీసుకెళ్తారు. అక్కడ జడ్జి ముందు ఇన్‌స్పెక్టరు ఒకే ఒక కాగితం పెడతాడు. ఆ కాగితం చాలు.

కేసు చెప్పుకుంటే అరచేతిలో పట్టేంత. చనిపోయినవాడు వీడి బావ, అక్క మొగుడు. బాయిలర్లు పరీక్షించి పనికొస్తాయో రావో రాసిచ్చే కంపెనీలో ఇంజనీరు. ఇంట్లో కూర్చునే పని చేసుకునేవాడు. మొన్న సాయంత్రం అక్క ఉద్యోగం నుంచి వచ్చి గది తలుపు తీస్తే నేలమీద పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపల ఎప్పుడైనా జరిగి ఉండొచ్చని డాక్టరు అన్నాడు. ఆ ఎప్పుడైనా అన్నదాన్ని ఇన్‌స్పెక్టరు ఒక మెయిల్‌తో బిగించాడు. అయిదూ నలభై రెండుకి ఆ గదిలోని ల్యాప్‌టాప్ నుంచి ఇంజనీరు పేరుతో ఆఫీసుకు మెయిల్ వెళ్ళింది. అంటే అప్పటికి మనిషి బతికే ఉన్నాడు. అయిదింటి నుంచి ఏడింటి దాకా ఆ ఇంట్లో ఉన్న రెండో మనిషి వీడొక్కడే. పైగా ముందురోజు బావా బావమరుదులు అరుచుకోవడం పక్కింటివాళ్ళు విన్నారు.

"ముట్టుకుంటే గెంటేస్తా అన్నాడట మీ బావ. ఏం ముట్టుకుంటే?"

తమ్ముడు గోళ్ళు చూసుకున్నాడు. "ఏదో అన్నాడండీ. ఉద్యోగం లేనివాణ్ణి ఎవరైనా ఏదైనా అంటారు."

"ఫోన్లో ఆట చూశానన్నావు. నీ ఫోన్లో డేటా ఉందా?"

"లేదు. అయిపోయింది. ఇంట్లో నెట్ ఉంది కదా."

నస నడవడం ఆపింది.

"మీ బావ పనిచేస్తున్నంతసేపూ ఆ ఇంట్లో నెట్ ఉండదని మీ అక్క చెప్పింది. పొద్దున ఆఫీసు మెయిళ్ళన్నీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటాడట. తరవాత గోడలోంచి వచ్చే వైరు పీకేసి తలుపేసుకుంటాడట. జవాబులన్నీ రాసిపెట్టుకుని సాయంత్రం వైరు పెడితే అన్నీ ఒకేసారి వెళ్తాయి. బట్టలు ఉతికి ఒకేసారి ఆరేసినట్టు మెయిళ్ళు ఆరేస్తాడు అంది. నువ్వు వచ్చేసరికి తలుపేసి ఉంది. మరి నెట్ ఎక్కడిది?"

వాడు మళ్ళీ గోళ్ళు చూసుకున్నాడు.

"నెట్ ఎక్కడిదిరా?"

"నేనే పెట్టాను. వైరు నేనే పెట్టాను. ముందురోజు కూడా పెట్టాను, అందుకే అరిచాడు. 'నేను రిపోర్టు రాసుకుంటుంటే టింగు టింగుమని మెయిళ్ళు నెత్తిమీద పడుతున్నాయి, ఇంకోసారి ఆ వైరు ముట్టుకుంటే గెంటేస్తా' అన్నాడు. మొన్న మళ్ళీ పెట్టాను. చివరి ఓవర్లండీ. బావ బయటికొచ్చి తిడతాడని చూస్తూనే ఉన్నాను. రాలేదు. నా అదృష్టం అనుకున్నాను."

"పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"గొడవ దేనికని వాళ్ళూ అడిగారు. దానికే మళ్ళీ వేలు పెట్టానని చెప్తే ఇంకేముంది? వీడే చంపాడు అంటారు కదా."

నస మొదటిసారి కుర్చీలో కూర్చుంది. "ఇప్పుడు మాత్రం ఏమంటున్నారు?" అని అడిగింది. తప్పించుకుందామని వీడు మింగిన మాటే వీణ్ణి బయటికి లాగే తాడు.

"మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ఇంటర్వ్యూలో. ఊరి అవతల. మమ్మల్నందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి నాలుగింటి దాకా పరీక్షలు పెట్టారు. అది కూడా పోయిందండీ."

"పోతే పోయింది. హాజరు వేసుకున్నారా?"

"వేసుకున్నారు."

నస అప్పటికే తలుపు దాటింది.

*

కంపెనీ మేనేజరు ఆమెను నిలబెట్టలేదు. కుర్చీ చూపించాడు, తలుపు మూశాడు, టీ చెప్పాడు. చనిపోయినవాడి గురించి తమ్ముడిలాంటివాడు అన్నాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మెయిల్‌లో ఏముంది?" అంది నస.

"పోలీసులకు ఇచ్చానమ్మా. ఒక ఫ్యాక్టరీ బాయిలర్ పనికిరాదని రిపోర్టు రాశాడు. అది తన పొరపాటనీ, వెనక్కి తీసుకుంటున్నాననీ ఆ మెయిల్."

"ఆ బాయిలర్‌ను అంతకుముందు పాస్ చేసింది ఎవరు?"

"నేనే." ఆలస్యం లేకుండా చెప్పాడు. "అందుకే బాధ. పెద్దవాణ్ణి తప్పుపట్టానే అని కుమిలిపోయి ఉంటాడు. నేనేమీ అనలేదమ్మా, ఒట్టు. ఆ రోజు అసలు మేం మాట్లాడుకోనేలేదు. ఫోన్ కూడా లేదు."

"మెయిల్ వస్తుందని మీకు ముందు తెలుసా?"

"ఎలా తెలుస్తుంది? సాయంత్రం తెరచి చూసి ఉలిక్కిపడ్డాను."

"అంటే ఎదురు చూడలేదు."

"ఎదురు చూడటమేమిటి?"

"మెయిల్ కోసం. ఎదురు చూడలేదు కదా?"

మేనేజరు నవ్వాడు. "మిమ్మల్ని ఏదో పేరుతో పిలుస్తారని విన్నాను. ఊరికే పెట్టలేదు. లేదమ్మా. ఎదురు చూడలేదు."

మధ్యాహ్నం ఎక్కడున్నారు అంటే భోజనానికి బయటికి వెళ్ళానన్నాడు. ఎక్కడికి అంటే దగ్గర్లోనే అన్నాడు. లేస్తూ ఇంకో మాట అన్నాడు. "ల్యాప్‌టాప్ మా ఆఫీసుది. ఇవాళ వచ్చి తీసుకెళ్తాను. అతని అకౌంట్ కూడా ఇవాళ్టితో మూసేస్తున్నాం. మా దగ్గర అది మామూలే."

నడవా చివర ఒక గది ఉంది. లోపల పెట్టెల మీద దీపాలు మెరుస్తున్నాయి. ఆఫీసు మెయిళ్ళన్నీ అక్కడికే వస్తాయి, అక్కణ్ణుంచే పోతాయి. వాటిని చూసుకునే అమ్మాయి తల ఎత్తింది.

"మొన్న మెయిళ్ళేమైనా ఆగాయా అమ్మా?" అంది నస.

అమ్మాయి నోరు తెరిచింది. ఆమె చూపు నస భుజం మీదుగా వెనక్కి పోయింది. నోరు మూసుకుంది.

"నాకేం తెలీదండీ."

నస వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు. నడవాలో కళ్ళజోడు తుడుస్తున్న చప్పుడు ఉండదు గానీ, ఉన్నట్టే అనిపించింది. తన కార్డు కీబోర్డు కిందకి తోసి వచ్చేసింది.

*

ఇన్‌స్పెక్టరు ఆమెకంటే ముందే ఇంజనీరు ఇంటికి చేరాడు. హాల్లో చెప్పుల స్టాండ్ పక్కన వంగి, చేతిలో వైరు పట్టుకుని ఉన్నాడు. గోడలోంచి వచ్చే వైరు అది. కొస నెట్ పెట్టెకు జానెడు దూరంలో ఉంది.

"పెట్టకండి!" అంది నస, గుమ్మంలోంచే.

"నసమ్మ గారూ. రండి రండి." ఇన్‌స్పెక్టరు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. "మీరేదో మెయిల్ చూడాలన్నారట, ఇంటావిడ చెప్పింది. నెట్ లేకుండా మెయిల్ ఎలా చూస్తారు? గాల్లోనా?"

"అందులో ఇదివరకే దిగినవి ఉంటాయి. నెట్ అక్కర్లేదు. పెట్టారంటే అది వెంటనే ఆఫీసు సర్వర్‌తో సింక్ అవుతుంది."

"సింక్ అంటే నాకు గిన్నెలు కడిగేదే తెలుసు."

"అదే అనుకోండి. ఇక్కడి గిన్నెలు అక్కడికి, అక్కడివి ఇక్కడికి. అక్కడ ఎవరైనా ఒక గిన్నె పారేశారనుకోండి, ఇక్కడ కూడా మాయమవుతుంది. ఇవాళే అతని అకౌంట్ మూసేస్తున్నామని మేనేజరు అన్నాడు. అక్కడ ఏం పారేశారో మనకు తెలీదు."

"మీ క్లయింటు తమ్ముణ్ణి కాపాడటానికి వైరు కూడా దోషేనా?" అన్నాడు గానీ పక్కన నిలబడ్డ అక్కను చూసి గొంతు తగ్గించాడు. "సరే. నేను వైరు పెట్టను. మీరు ఫోటోలు తియ్యొద్దు. అది సాక్ష్యం, దాని మీద నా సీలు పడాలి. బయట ఎక్కడైనా కనిపించిందా, మీ బోర్డు పీకిస్తాను. చెల్లుకు చెల్లు."

"చెల్లుకు చెల్లు," అంది నస. ఫోన్ సంచిలో వేసింది.

అక్క మందుల షాపులో పనిచేస్తుంది. ఆ రోజు వేసుకున్న తెల్లకోటు ఇంకా కుర్చీ మీదే ఉంది. నస ఆమెను ఒకే మాట అడిగింది. ఈ వైరు పీకింది ఎవరు?

"నేనే. ఆ రాత్రి. ఆయన్ని తీసుకెళ్ళారు. లోపల్నుంచి టింగుమంటోంది. సంతాపం చెప్తూ ఆయనకే మెయిళ్ళు పంపుతున్నారు. ఆయనకే! భరించలేక పీకేశాను."

"మంచి పని చేశారు."

"మంచో చెడో." అక్క చెప్పుల స్టాండ్ వైపు చూస్తూ అంది. "తమ్ముణ్ణి చూడ్డానికి నేను స్టేషన్‌కు వెళ్ళలేదు. వాడు చేశాడని కాదండీ. చెయ్యలేదని నాకు తెలీదు. తెలిసేలా చేస్తారా?"

ఇన్‌స్పెక్టరు పైకప్పు చూశాడు. నస ఏ మాటా ఇవ్వలేదు. గదిలోకి నడిచింది.

బల్ల, కుర్చీ, అలమార. నేలమీద సుద్దగీత. బల్ల అంచున ఒకచోట పాలిష్ లేచిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఛార్జరు గోడకు ఉంది, మొన్న కూడా అలాగే ఉందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. నస కిటికీ గడియ చూసింది, తలుపు గడియ చూసింది. దేన్నీ విరగ్గొట్టలేదు. తలుపు తీసి రానిచ్చిన మనిషే వచ్చాడు. బల్ల మీద కాఫీ కప్పు వారగా జరిపి ఉంది, కుడిచేతి పక్కన.

"మీ ఆయన ఎడమచేతి వాటమా?" అని కేకేసింది.

"కాదు," అని హాల్లోంచి వినపడింది.

"అయితే ఏమీ లేదు," అంది నస తనలో తాను. ఇన్‌స్పెక్టరు నవ్వు దాచుకోలేదు.

అక్క పాస్‌వర్డ్ చెప్పింది. మెయిల్ ప్రోగ్రామ్ తెరుచుకుంది. సర్వర్ దొరకడం లేదని కింద ఒక మూల చెప్తోంది. దొరక్కపోవడమే కావాలి. నస పంపిన మెయిళ్ళ వరస తెరిచింది.

"ఇదిగో మీ మెయిల్. అయిదూ నలభై రెండు. దాని పైనా కిందా చూడండి."

ఇన్‌స్పెక్టరు చూశాడు. మరో రెండున్నాయి. ఒకటి ఏదో ప్రశ్నకు జవాబు, ఒకటి సెలవు అడుగుతూ. రెండిటి పక్కనా అయిదూ నలభై రెండే.

"ఒక్క నిమిషంలో మూడు మెయిళ్ళు. టైపింగ్ పోటీల్లో కూడా కుదరదు," అంది నస.

"రాసిపెట్టుకుని ఒకేసారి పంపి ఉంటాడు. ఆవిడే అంది కదా, బట్టలు ఆరేసినట్టని."

"సరిగ్గా అదే. మరి ఉతికింది ఎప్పుడు?"

ఆమె తెర పైన నొక్కింది, ఇంకోచోట నొక్కింది. వరసలో కొత్త గడి వచ్చింది. మెయిల్‌ను రాయడం మొదలుపెట్టిన వేళ అందులో ఉంటుంది. ఆఫీసుకు చేరిన కాపీలో ఇది కనపడదు, రాసిన మిషన్‌లోనే ఉంటుంది. మిగతా రెండూ పొద్దున పదకొండు ప్రాంతాల్లో రాసినవి. పొరపాటు ఒప్పుకున్న మెయిల్ పక్కన ఒంటిగంట యాభై రెండు అని ఉంది.

ఇన్‌స్పెక్టరు ముందుకు వంగాడు. అతను తెలివి తక్కువవాడు కాడని నసకు ఎప్పటినుంచో తెలుసు. తొందర ఎక్కువ, అంతే.

"సరే," అన్నాడు. "మధ్యాహ్నం రాశాడు. సాయంత్రం వైరు పెట్టి పంపాడు. పంపాడంటే బతికే ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళినా నా దగ్గరికే వస్తున్నారు నసమ్మ గారూ."

"పంపడం వేరు, వెళ్ళడం వేరు. వైరు పెట్టింది ఎవరు?"

"ఎవరు?"

"తమ్ముడు. ఆట కోసం. దాని గురించే ముందురోజు గొడవ. భయపడి మీ దగ్గర దాచాడు."

"వాడి మాట!"

"వాడి మాట వద్దు. వాడి ఫోన్ మీ బీరువాలో ఉంది. ఆట ఎన్నింటికి మొదలైందో చూడమనండి."

ఇన్‌స్పెక్టరు స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అవతలివాడు బీరువా తాళం వెతకడం, ఫోన్ వెతకడం, ఛార్జింగ్ లేదని సణగడం అన్నీ వినపడ్డాయి. ఆ లోపల నస గదిలో మూడు చుట్లు తిరిగింది.

"కూర్చోండి తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తరవాత ఫోన్లోకి, "ఎంతా? మళ్ళీ చెప్పు," అన్నాడు. పెట్టేశాడు.

"అయిదూ నలభై మూడు," అన్నాడు.

"వైరు పెట్టాడు. ఆగి ఉన్న మూడూ వెళ్ళిపోయాయి. ఆట మొదలైంది."

"దాంతో ఏం తేలింది? అప్పటికి మీ ఇంజనీరు చచ్చిపోయాడని తేలిందా? తలుపేసుకుని పని చేసుకుంటూ ఉండొచ్చు. తరవాత వీడు లోపలికి వెళ్ళి ఉండొచ్చు."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. మెయిల్ తమ్ముడికి వేసిన ఉరి ముడిని నస విప్పింది గానీ, తాడు ఇంకా మెడకే ఉంది. మూడు గంటలకు ఇంకెంతో లేదు. ఒంటిగంట యాభై రెండుకు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఇంజనీరేనా? కాకపోతే ఎవరు? వాడు 'పంపు' నొక్కి ఉంటాడు. మెయిల్ తెరమీద నుంచి పోయి ఉంటుంది. పోయింది కాబట్టి వెళ్ళిందనుకుని ఉంటాడు. ఇంట్లో వైరు పీకే అలవాటుందని వాడికి తెలీదు.

వెళ్ళిందనుకున్నవాడు ఏం చేస్తాడు?

ఆమె ఫోన్ సంచిలో మోగింది. తెలియని నంబరు.

"నేనండీ. పొద్దున కార్డు ఇచ్చారు కదా, సర్వర్ గదిలో." వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. "మెట్ల మీదికి వచ్చి మాట్లాడుతున్నాను. మేనేజరు గారు బయటికి వెళ్ళారు."

"స్పీకర్‌లో పెట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. నస పెట్టింది.

"మొన్న మెయిళ్ళేమైనా ఆగాయా అని అడిగారు. ఆగలేదండీ. కానీ మేనేజరు గారు కూడా మొన్న అదే అడిగారు."

"ఎప్పుడు?"

"భోజనం నుంచి రాగానే. రెండున్నర ఉంటుంది. ఇంటి నుంచి పంపిన మెయిళ్ళు చేరడం లేదా, సర్వర్ చూడు అన్నారు. చూశాను, అంతా బాగుంది. కాసేపటికి మళ్ళీ వచ్చారు. ఇంజనీరు గారు ఒకటి పంపారు, ఇంకా రాలేదేమిటి అన్నారు. ఇంకోసారి కూడా వచ్చి కేకలేశారు. సాయంత్రం అది వచ్చాకే శాంతించారు."

ఇన్‌స్పెక్టరు నస చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "అమ్మాయ్, నేను పోలీసుని. 'ఏమైనా వచ్చిందా' అన్నాడా, 'పంపాడు' అన్నాడా?"

"పంపాడు, రాలేదు అన్నారండీ. నాకు బాగా గుర్తు. పంపినాయన్నే అడగండి సార్ అన్నాను నేను. దానికి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు."

ఆ రోజు అసలు మాట్లాడుకోలేదన్నాడు మేనేజరు. ఫోన్ కూడా లేదన్నాడు. ఎదురు చూడలేదన్నాడు. అడిగిన ప్రతిసారీ అన్నాడు.

"ఇంకో మాటండీ," అంది అమ్మాయి. "పొద్దున మీరు వెళ్ళగానే ఇంజనీరు గారి మెయిల్‌బాక్స్ మొత్తం ఖాళీ చేయమన్నారు. చేసేశాను, నాకేం తెలుసు? కానీ ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉంటాయని, అది నెట్‌కు తగిలాకే అక్కడా పోతాయని చెప్పాను. మీరు మాత్రం తగిలించకండి."

"ఆయనేమన్నాడు?"

"సరే, నేనే వెళ్ళి చూసుకుంటాను అన్నారు."

హాల్లో తలుపు చప్పుడైంది. అక్క గొంతు వినపడింది. "రండి అన్నయ్యా. వాళ్ళు లోపలే ఉన్నారు. కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను."

నస గుమ్మం వైపు దూకింది. రెండడుగులు వేసేసరికి వెనక ల్యాప్‌టాప్ టింగుమంది. ఒకసారి, ఇంకోసారి, ఆగకుండా. తిరిగి చూసింది. వరసలు కింది నుంచి పైకి ఖాళీ అవుతున్నాయి. నెలలూ వారాలూ పోయాయి. అయిదూ నలభై రెండుల మూడు వరసలూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఇన్‌స్పెక్టరు మిషన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు, పట్టుకుంటే ఆగుతుందేమో అన్నట్టు. తెర మీద ఇంకేమీ లేదు.

నస హాల్లోకి వచ్చింది. మేనేజరు చెప్పుల స్టాండ్ దగ్గర్నుంచి నడుము పట్టుకుని లేస్తున్నాడు. వైరు పెట్టెలో ఉంది.

"ఊడిపోయి ఉంటే పెట్టానమ్మా," అన్నాడు. "ఏం, పెట్టకూడదా?"

ఆమె వైరు పీకేసింది. పీకి లాభం లేదని తెలిసే పీకింది. సంచిలో ఫోన్ వేసుకున్న క్షణం గుర్తొచ్చింది. చెల్లుకు చెల్లు. ఒక్క ఫోటో లేదు. సర్వర్‌లో లేదు, ల్యాప్‌టాప్‌లో లేదు. ఆఫీసు కాగితం మీద మిగిలింది అయిదూ నలభై రెండు ఒక్కటే. ఆ అంకె కింద తమ్ముడున్నాడు.

ఇన్‌స్పెక్టరు గదిలోంచి వచ్చాడు. ఆమెను చూశాడు. అడిగిందే అడగడం ఆమె పని. ఇప్పుడు అడగాల్సింది ఆమె కాదు. అతను ఒక్క మాట అనకుండా ఊరుకుంటే కేసు అతనిదే, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది.

"ల్యాప్‌టాప్ తీసుకెళ్ళడానికి వచ్చానండీ," అన్నాడు మేనేజరు. "సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"తీసుకెళ్దురుగాని. కూర్చోండి." ఇన్‌స్పెక్టరు వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. "మొన్న ఒంటిగంట యాభై రెండుకు మీరెక్కడున్నారో చెప్పి తీసుకెళ్ళండి."

మేనేజరు చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. తియ్యలేదు. "ఒంటిగంట యాభై రెండేమిటి? మెయిల్ వచ్చింది సాయంత్రం కదా!"

"వచ్చింది సాయంత్రమే," అంది నస. "మీరు రెండున్నర నుంచీ ఎందుకు వెతుక్కున్నారు?"

అక్క వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. చేతిలో గ్లాసు ఉంది. అన్నయ్యా అని పిలిచిన మనిషిని చూసింది, ఆయన చేతిని చూసింది, నస పట్టుకున్న వైరును చూసింది. ఆ ఇంట్లో ఆ వైరును ఎవరు ఎందుకు ముట్టుకుంటారో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. గ్లాసు తీసుకుని వెనక్కి వెళ్ళి బల్ల మీద పెట్టేసింది.

మేనేజరు తేరుకున్నాడు. నవ్వాడు కూడా. "మీరేదో ఒంటిగంట అంటున్నారు. ఎక్కడ ఉంది అలా? ఏదీ, చూపించండి."

ఇన్‌స్పెక్టరు స్టేషన్‌కు నంబరు నొక్కాడు. కోర్టు బండి ఆపమన్నాడు. కుర్రాణ్ణి అక్కడే కూర్చోబెట్టి అన్నం పెట్టించమన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని మేనేజరు ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"చూపించలేనండీ," అన్నాడు. "చూశాను."